వేసవి సెలవుల్లో పని కావాలా? తెలిసినవాళ్ల ద్వారా వెతుక్కునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మన ఊళ్లలో వేసవి పనులకు ప్రకటనలు పడవు. పెళ్లిళ్ల సీజనుకు బట్టల షాపులో ఇద్దరు మనుషులు తక్కువైతే యజమాని పేపర్లో వేయించడు. పాత గుమాస్తాను పిలిచి "మీ వీధిలో కాస్త నమ్మకమైన పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. గుమాస్తా నోట ఎవరి పేరు వస్తే వాళ్లు సోమవారం నుంచి పనిలో ఉంటారు. ఉద్యోగాల వెబ్‌సైట్లలో రోజంతా వెతికినా ఆ పని మీకు కనపడదు. అది ఎక్కడా రాసి ఉండదు కాబట్టి.

కాబట్టి ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ చదివే పిల్లలకు వేసవి పని దొరికే ముఖ్యమైన దారి తెలిసినవాళ్లే. చాలామంది ఇక్కడే మొహమాటపడి ఆగిపోతారు. "ఒకరిని దేబిరించడం ఎందుకు, అది రికమండేషన్ కాదా?" అనుకుంటారు. అర్హత లేనివాణ్ణి పైరవీ చేసి ఉద్యోగంలో ఎక్కించడం తప్పే. కానీ ఆరు వారాల పనికి "ఈ అమ్మాయి నాకు తెలుసు, చెప్పిన టైముకు వస్తుంది" అని ఒకరు చెప్పడంలో తప్పేమీ లేదు. అలా చెప్పినవాళ్లు మీకు పూచీ పడుతున్నారు. మీరు మూడో రోజు చెప్పకుండా మానేస్తే ఆ షాపులో పోయేది వాళ్ల మాట. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, చేరాక ఎలా ఉండాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. మీ తరఫున మాట చెప్పేవాళ్లకు ఆ మాట ధైర్యంగా చెప్పగలిగే వీలు మీరు కల్పించాలి. కింద చెప్పే అడుగులన్నీ అందుకే.

మొదటి అడుగు: వయసు, తేదీలు తేల్చుకోండి

ముందు చట్టం సంగతి. 14 ఏళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయపడటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 మధ్య వయసువాళ్లను గనుల్లో గానీ, పేలుడు పదార్థాలు, మండే పదార్థాలు ఉన్నచోట గానీ, ప్రమాదకరమైన పనుల్లో గానీ పెట్టకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు ఈ వయసువాళ్లకు కూడా రక్షణ వచ్చింది. వీళ్లతో రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. మూడు గంటలు చేశాక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.

దీన్ని బట్టి మీకు పదిహేడేళ్లయితే రాత్రి రిసెప్షన్లలో వడ్డించే పని మీ జాబితాలోంచి తీసేయండి. తోటివాళ్లు వెళ్తున్నారని మీరూ వెళ్లకండి. బండి మీద డెలివరీ చేసే పనులకూ 18 నిండాలి, చేతిలో లైసెన్సు ఉండాలి.

తర్వాత తేదీలు. "సెలవుల్లో ఏదైనా పని ఉంటే చెప్పండి" అంటే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. "ఏప్రిల్ 6 నుంచి మే 30 దాకా, ఆదివారాలు తప్ప, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా రాగలను" అంటే అర్థమవుతుంది. ఆ రోజుల మధ్యలో ఏమేం అడ్డం వస్తాయో ఇంట్లో కూర్చుని చూసుకోండి. ఈఏపీసెట్ రాస్తున్నారా? పిన్ని కూతురి పెళ్లి ఉందా? తిరుపతి మొక్కు, ఊరి జాతర? వీటిని పనిలో చేరాక చెబితే యజమానికి చిరాకు. మొదటే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఎంట్రెన్స్ రాసేవాళ్లయితే నా సలహా ఒకటే, పరీక్ష అయిన మర్నాటి నుంచే మీ తేదీలు మొదలుపెట్టండి.

అడగడం ఎప్పుడు మొదలుపెట్టాలి? సంక్రాంతికి. అప్పుడు ఊళ్లో అందరూ ఇళ్లకు వస్తారు, హైదరాబాదులో ఉండే మావయ్యా దొరుకుతాడు, బెంగళూరు అన్నయ్యా దొరుకుతాడు. మాట్లాడటానికి తీరిక ఉంటుంది. ఏప్రిల్ మధ్యలో అడిగేసరికి మంచి చోట్లన్నీ నిండిపోయి ఉంటాయి.

రెండో అడుగు: ఎండాకాలంలో మనుషులు ఎక్కడ చాలరో తెలుసుకోండి

పరిచయాలున్నా దేని గురించి అడగాలో తెలియకపోతే ఉపయోగం లేదు. వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో కొన్ని చోట్ల ఒక్కసారిగా పని ముంచుకొస్తుంది.

పెళ్లిళ్లు వాటిలో పెద్దవి. బట్టల షాపులు, క్యాటరింగ్, డెకరేషన్, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులు, ఫొటో స్టూడియోలు అన్నీ ముహూర్తాల మీదే నడుస్తాయి. అందుకే అడగబోయే ముందు ఇంట్లో పంచాంగమో గోడ క్యాలెండరో తీసి చూడండి. మూఢమో అధిక మాసమో మధ్యలో పడితే ఈ పనులన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఆ రోజుల్లో వెళ్లి అడిగితే కాదనే అంటారు. ముహూర్తాలు మొదలవడానికి మూడు వారాల ముందు వెళ్తే అదే మనిషి కూర్చోబెట్టి మాట్లాడతాడు.

రెండోది అడ్మిషన్ల హడావుడి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు, తెలంగాణలో డిగ్రీ సీట్లకు దోస్త్ దరఖాస్తులు, స్కాలర్‌షిప్‌లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఈ రోజుల్లో నెట్ సెంటర్ల ముందు పిల్లలు, తల్లిదండ్రులు బారులు తీరతారు. లోపల కూర్చుని దరఖాస్తు నింపే మనిషి ఒక్కడే ఉంటాడు. పోయినేడు మీ దరఖాస్తు మీరే నింపుకుని ఉంటే, ఫొటో సైజు తగ్గించడం, సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కించడం తెలిసి ఉంటే, ఆ సెంటర్‌కు మీరు మొదటి రోజు నుంచే పనికొస్తారు. చాలామంది పిల్లలు దీన్ని అసలు ఒక నైపుణ్యంగా లెక్కే వేసుకోరు.

బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. మే చివరి వారం నుంచి నోటు పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు, బ్యాగులు అమ్మే షాపుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. మూడు వారాల పనే అయినా, తేదీలు ఖాయంగా ఉండటం వల్ల ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు.

మామిడి కాయల కాలం కూడా ఇదే. నూజివీడు, ఉలవపాడు, జగిత్యాల, కొల్లాపూర్ వైపు ఉండేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. తోట నుంచి నేరుగా ఇళ్లకు పెట్టెలు పంపే రైతులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లకు వాట్సాప్‌లో ఆర్డర్లు రాసుకోవడానికి, అడ్రసులు సరిచూడటానికి, డబ్బు వచ్చిందో లేదో టిక్కు పెట్టడానికి, ఆర్టీసీ కార్గోలో పెట్టెలు వేయించడానికి మనిషి కావాలి. తెలంగాణ పల్లెల్లో యాసంగి వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిచే నెలలూ ఇవే. రైతుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించే పని ఎవరో ఒకరు చేయాలి కాబట్టి మహిళా సంఘం లీడర్నో సొసైటీ కార్యదర్శినో అడిగి చూడొచ్చు.

బీకాం పిల్లలు ఆడిటర్ ఆఫీసుల వైపు చూడాలి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగియగానే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సర్దే పని అక్కడ పెరుగుతుంది. జీతం తక్కువే ఇవ్వవచ్చు, కానీ ట్యాలీ, జీఎస్టీ పనులు కళ్లారా చూస్తారు. ఈత, డ్రాయింగ్, చెస్, కరాటే వచ్చినవాళ్లకు పిల్లల సమ్మర్ క్యాంపులున్నాయి. హైదరాబాదులో జీహెచ్ఎంసీ ఏటా వేసవి ఆటల శిక్షణ పెడుతుంది.

వీటిలో రెండే రెండు ఎంచుకోండి. అన్నీ చేస్తాననేవాణ్ణి ఎవరి దగ్గరికి పంపాలో ఎవరికీ తోచదు.

మూడో అడుగు: మనుషుల జాబితా రాయండి

కాగితం మీదే రాయండి. ఫోన్‌లో కాంటాక్టులు చూస్తూ పోతే స్నేహితుల పేర్లే కనపడతాయి, వాళ్లూ మీలాగే పని వెతుకుతుంటారు.

ఈ విషయం మీద సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన చాలా పేరున్నది. అమెరికాలో పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆయన, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా కలిసేవాళ్ల ద్వారా దొరికినవాళ్లు 16.7 శాతమే. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్ల ద్వారా 27.8 శాతం. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్డ్ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడకందార్ల మీద జరిగిన అధ్యయనం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. మరీ దగ్గరివాళ్ల కన్నా ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగాలు ఎక్కువగా కదులుతున్నాయని అదీ చెప్పింది. కారణం తేలికే. మీ ఇంట్లోవాళ్లకు, మీ స్నేహితులకు తెలిసిన కబుర్లు మీకూ తెలుసు. మీకు తెలియని కబుర్లు వేరే చోట తిరిగేవాళ్ల దగ్గర ఉంటాయి.

మన దగ్గర ఆ "ఓ మోస్తరు పరిచయం" ఉన్నవాళ్లు ఎవరు? అమ్మ బ్లౌజులు కుట్టించే టైలరక్క. ఆమెకు ఊళ్లో బట్టల షాపులన్నీ తెలుసు. మీ మెడికల్ షాపు అన్న. ఆయన కొట్టుకు రోజూ డిస్ట్రిబ్యూటర్ల మనుషులు వస్తారు. కాలేజీ లైబ్రేరియన్‌కు పుస్తకాల షాపులవాళ్లు తెలుసు, పీఈటీ సారుకు క్యాంపులు నడిపేవాళ్లు తెలుసు. జిరాక్స్ సెంటర్ ఆయన, గ్యాస్ సిలిండర్ తెచ్చే అన్న, కేబుల్ బిల్లుకు వచ్చే అబ్బాయి, ఆశా కార్యకర్త, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, గుడి పూజారి గారు. పూజారి గారికి ముహూర్తాలతో పాటు ఏ ఫంక్షన్ హాలును ఎవరు నడుపుతున్నారో కూడా తెలుస్తుంది. మీ కాలేజీలో చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న సీనియర్లు. నాన్నతో పాటు ఒకప్పుడు పనిచేసి వేరే ఊరు వెళ్లినవాళ్లు. ప్రతి పేరు పక్కన "ఈయన ఎవరెవరితో మాట్లాడుతుంటారు?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ఆయనకు షాపు ఉందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు.

ఒక చేదు నిజం ఇక్కడ చెప్పాలి. మన పరిచయాలు చాలావరకు చుట్టరికం వెంట, కులం వెంట నడుస్తాయి. ఇంట్లో వ్యాపారం ఉన్న పిల్లలకు పది షాపులు పుట్టుకతోనే తెలుసు. కూలి చేసుకునే ఇంటి నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చి, హాస్టల్లో ఉండే పిల్లలకు ఒక్కటీ తెలియదు. వాళ్లు "మాకెవరున్నారు" అనుకోవడం సహజం. ఆ పిల్లలకు నేను గట్టిగా చెప్పేది, మీ జాబితా లెక్చరర్ల దగ్గర మొదలుపెట్టండి. మీ అటెండెన్సు, మీ రాత, మీ ప్రవర్తన చూసినవాళ్లు వాళ్లే. మీకు బంధువు కాని మనిషి మీ గురించి ఒక మంచి మాట చెబితే యజమాని దాన్ని ఇంకా ఎక్కువ నమ్ముతాడు. తర్వాత హాస్టల్ వార్డెన్, మెస్సుకు సరుకులు వేసే కిరాణా ఆయన, ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్. రక్తదాన శిబిరంలోనో చెట్లు నాటే కార్యక్రమంలోనో మీరు కుర్చీలు మోసింది చూసినవాళ్లు మీకు పూచీ పడగలరు. లెక్చరర్లకు నా మనవి కూడా ఒకటి. అలాంటి పిల్లలు అడగడానికి జంకుతారు, మీరే పిలిచి అడగండి.

ఇరవై పేర్లు వచ్చేదాకా రాయండి. మొదటి ఎనిమిది తేలిగ్గా వస్తాయి. పనికొచ్చేవి చాలాసార్లు ఆ తర్వాత గుర్తొచ్చేవే.

నాలుగో అడుగు: వాళ్లు మీ గురించి చెప్పే మాటను మీరే తయారు చేసివ్వండి

మిమ్మల్ని ఓ మోస్తరుగా తెలిసిన మనిషి షాపు యజమానితో ఏం చెబుతాడు? "మంచి పిల్లాడే" అంటాడు, అంతకన్నా ఆయనకు తెలియదు. కాబట్టి ఆయన చెప్పడానికి వీలైన రెండు వాక్యాలు మీరు ఇవ్వాలి. పేరు, చదువు, తేదీలు, ఏం చేయగలరు, దానికి ఒక రుజువు. ఉదాహరణకు: "డిగ్రీ సెకండియర్ బీకాం. ఏప్రిల్ 6 నుంచి మే 30 దాకా ఖాళీ. లెక్కలు తప్పు పోవు, పోయినేడు మా వినాయకుడి పందిరి చందా పుస్తకం మొత్తం తనే రాసింది."

చందా పుస్తకం రాయడం రుజువే. పెదనాన్న కూతురి పెళ్లిలో రెండొందల మందికి గదులు సర్దిపెట్టడం రుజువే. అమ్మ పచ్చళ్ల ఆర్డర్లు ఫోన్‌లో రాసుకోవడం రుజువే. వీటిని చిన్నచూపు చూడకండి. షాపు యజమానికి "క్విక్ లెర్నర్, టీం ప్లేయర్" అన్న మాటల కన్నా ఇవే అర్థమవుతాయి.

ఒక పేజీ కాగితం తయారుచేసుకోండి. పైన పేరు, ఫోను నంబరు, ఉండే ఏరియా. కింద చదువు, తేదీలు, వచ్చిన పనులు, తెలిసిన భాషలు. హైదరాబాదులో హిందీ, ఉర్దూ వచ్చినా, సరిహద్దు ఊళ్లలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ వచ్చినా తప్పకుండా రాయండి, కౌంటర్ పనికి అది పెద్ద బలం. చివర మీ గురించి అడగదగిన ఇద్దరి పేర్లు, వాళ్లను ముందే అడిగి పర్మిషన్ తీసుకున్నాకే. ఆధార్ నంబరు, కులం, తండ్రి జీతం లాంటివి ఈ కాగితం మీద ఉండకూడదు. వాట్సాప్ ప్రొఫైల్ ఫొటో, స్టేటస్ కూడా ఒకసారి చూసుకోండి, మీ నంబరు అందుకున్నవాళ్లు మొదట చూసేది అదే.

అయిదో అడుగు: అడగడం

చాలామంది ఇక్కడ తప్పు ప్రశ్న అడుగుతారు. "నాకేదైనా పని ఇప్పించండి" అంటే ఎదుటి మనిషి ఇరుకున పడతాడు. ఇప్పించలేకపోతే ఆయనకు చిన్నతనం, కాబట్టి "చూద్దాంలే" అని తప్పించుకుంటాడు. మన దగ్గర "చూద్దాంలే" అంటే చాలావరకు కాదనే. దానికి బదులు ఆయనకు తెలిసిన సంగతి ఒకటి అడగండి. ఉదాహరణకు టైలరక్కతో ఇలా:

"అక్కా, ఏప్రిల్, మే నెలల్లో బట్టల షాపులో చేద్దామనుకుంటున్నాను. మెయిన్ రోడ్డు మీద సీజనుకు పిల్లల్ని ఎవరు తీసుకుంటారు?"

"ఆ మూలమీది షాపాయన పోయినేడు తీసుకున్నాడమ్మా. అయితే రాత్రి పది దాకా ఉంచేస్తాడు. దాని పక్కన లైనింగులు అమ్మేవాళ్లు మేలు."

"అక్కడ ఎవరితో మాట్లాడాలి అక్కా? నీ పేరు చెప్పొచ్చా?"

ఈ మూడు ప్రశ్నలతో మీకు మూడు సంగతులు తెలిశాయి. ఎక్కడ అడగాలి, ఎక్కడ అడగకూడదు, ఎవరి పేరు చెప్పాలి. ఆఖరి ప్రశ్న మాత్రం ఎప్పుడూ మరచిపోవద్దు. అడక్కుండా ఒకరి పేరు వాడితే ఆ మనిషిని పోగొట్టుకుంటారు. "నా పేరు చెప్పకులే" అంటే బాధపడకండి, వాళ్లకు ఆ షాపుతో ఏదో ఇబ్బంది ఉండి ఉండవచ్చు.

దూరాన ఉన్నవాళ్లకు వాట్సాప్ మెసేజ్ పెట్టండి. "హాయ్ అంకుల్" అని పెట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. మొత్తం ఒకే మెసేజ్‌లో ఉండాలి:

"నమస్తే మావయ్యా, నేను సరళ కొడుకు కార్తీక్‌ని. పాలిటెక్నిక్ సెకండియర్, ఎలక్ట్రికల్. మే 10 నుంచి జూన్ 15 దాకా ఖాళీ. మోటార్ వైండింగ్ షాపులో గానీ సోలార్ ప్యానళ్లు బిగించేవాళ్ల దగ్గర గానీ పని నేర్చుకుంటూ చేద్దామని ఉంది. మీకు తెలిసినవాళ్లలో ఎవరిని అడిగితే బాగుంటుందో చెబుతారా? వీలున్నప్పుడు ఫోన్ చేయమంటే చేస్తాను."

వాయిస్ మెసేజ్ పంపకండి. రాసిన మెసేజ్ అయితే మావయ్య దాన్ని అలాగే ఇంకొకరికి ఫార్వర్డ్ చేయగలడు. మీ తరఫున మాట చెప్పడం ఆయనకు ఒక్క వేలి పని అవుతుంది.

ప్రతి సంభాషణ చివర "ఇంకెవరినైనా కలవమంటారా?" అని అడగండి. ఒక పేరు రెండు పేర్లవడం ఆ ప్రశ్నతోనే.

ఆరో అడుగు: షాపుకు వెళ్లినప్పుడు

వేళ చూసుకుని వెళ్లండి. పొద్దున్నే షాపు తెరవగానే, బోణీ కాకముందు వెళ్లి పని అడగకండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గిరాకీ వేళ. పదకొండు, పన్నెండు మధ్యలో గానీ, భోజనాలయ్యాక మూడు, నాలుగు గంటలకు గానీ యజమాని గల్లాపెట్టె దగ్గర కాస్త తీరికగా ఉంటాడు. క్యాటరింగ్‌వాళ్లను ముహూర్తం లేని రోజు కలవండి. ఆడిటర్లకు ముందు ఫోన్ చేసి వెళ్లాలి.

ఒక్కరే వెళ్లండి. నలుగురు స్నేహితులతో గుంపుగా వెళ్తే పని అడగడానికి వచ్చారనుకోరు. అమ్మాయిలు అమ్మనో అన్ననో తోడు తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు, కానీ మాట్లాడేది మీరే అయి ఉండాలి. నాన్న మాట్లాడుతుంటే మీరు వెనక నిలబడితే, రేపు కౌంటర్ దగ్గర కస్టమర్‌తో ఎలా మాట్లాడతారో యజమానికి అంతుపట్టదు.

లోపల ఎవరైనా కొనేవాళ్లుంటే పక్కన ఆగండి. వాళ్లు వెళ్లాక మొదటి వాక్యంలోనే పంపిన మనిషి పేరు రావాలి. "నమస్తే అండీ, టైలర్ పద్మక్క మిమ్మల్ని కలవమన్నారు. ఎండాకాలం సీజనుకు మీకు మనుషులు కావాలేమో కనుక్కుందామని వచ్చాను." తర్వాత తేదీలు, చేయగలిగిన పని, చేతిలో కాగితం. అంతా రెండు నిమిషాలు దాటకూడదు. "ఇప్పుడేం లేదమ్మా" అంటే, "సరేనండీ, ఏ నెలలో అడిగితే బాగుంటుంది?" అని కనుక్కుని నంబరు ఇచ్చి రండి. చాలామందికి ఫోన్ వచ్చేది ఇలా వదిలి వచ్చిన నంబరుకే, చేరినవాడు ఎవరో మానేసినప్పుడు.

ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకోండి. ఎవరిని అడిగాను, ఏ రోజు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు. జవాబు రానివాళ్లకు వారం, పది రోజుల తర్వాత ఒకసారి గుర్తు చేయండి. రెండోసారీ జవాబు లేకపోతే వదిలేయండి. కోపం మనసులో పెట్టుకోవద్దు, ఎక్కువమంది మరచిపోతారు అంతే.

ఏడో అడుగు: ఆన్‌లైన్లో పరిచయాలు, మోసాలు

లింక్డ్ఇన్ ఖాతాకు 16 ఏళ్లు నిండాలి. ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లలకు దానిలో ఒక మంచి వాడుక ఉంది. మీ కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థులను చూస్తే ఎవరు ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నారో కనపడుతుంది. ఉద్యోగం అడగకుండా, "అన్నా, నేను మన కాలేజీ ఈసీఈ సెకండియర్. మీరు చదివేటప్పుడు మొదటి ఇంటర్న్‌షిప్ ఎలా దొరికిందో చెబుతారా?" అని అడిగితే కొందరైనా జవాబిస్తారు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్ల ఇంటర్న్‌షిప్ పోర్టల్, కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉచితమే, వాటిలోనూ పేరు నమోదు చేసుకోండి. కానీ చిన్న ఊళ్లలో వేసవి పనులు అక్కడ తక్కువ.

మోసాల దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి. పని ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫారం డబ్బు, ట్రైనింగ్ ఫీజు అడిగినవాళ్లను అక్కడికక్కడే వదిలేయండి. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొడితే రోజుకు ఇంత అంటారు, మొదట వంద, రెండొందలు నిజంగానే వేస్తారు, తర్వాత మీ చేత వేలు కట్టించుకుని మాయమవుతారు. "మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమీషన్" అనేది ఇంకా ప్రమాదం. దొంగ డబ్బు మీ ఖాతాలోంచి వెళ్తే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. ఇంటి దగ్గర డేటా ఎంట్రీ అని సంతకం చేయించి, తప్పులున్నాయంటూ కేసు పెడతామని బెదిరించేవాళ్లూ ఉన్నారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పదో తరగతి మెమో, టీసీ ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వద్దు, జిరాక్స్ చాలు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే నంబరు కప్పి ఉండే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వండి.

తెలిసినవాళ్లు చెప్పారు కదా అని ఈ జాగ్రత్తలు వదిలేయకండి. వాళ్లూ మోసపోయి, నమ్మి మీకు చెబుతూ ఉండవచ్చు.

ఎనిమిదో అడుగు: చేరే ముందే మాట్లాడుకోవాల్సినవి

తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన పనిలో డబ్బు సంగతి అడగడానికి మొహమాటం ఎక్కువ. "మనవాళ్లే, చూసి ఇస్తారులే" అని ఇంట్లో కూడా అంటారు. అలా చేరినవాళ్లకే నెలాఖరున మనస్తాపం. జీతం రోజుకా నెలకా, ఎంత, ఏ తేదీన, చేతికా ఫోన్‌పేకా, మధ్యాహ్నం భోజనం వాళ్లదా మీదా, సెలవు ఏ రోజు, రాత్రి ఎన్నింటికి వదులుతారు. ఇవన్నీ మొదటి రోజుకు ముందే అడగండి. ఇంటికెళ్లాక "మీరు చెప్పినట్టు సోమవారం తొమ్మిదికి వస్తానండీ, నెలకు ఇంత, ఆదివారం సెలవు అన్నారు" అని యజమానికి మర్యాదగా ఒక మెసేజ్ పెడితే, రేపు మాట తేడా వచ్చినప్పుడు అది పనికొస్తుంది. పని నేర్పుతున్నాం కాబట్టి డబ్బులు ఉండవంటే, ఏం నేర్పుతారో అడగండి. రెండు నెలలు టీ గ్లాసులు తేవడమే అయితే అది నేర్పడం కాదు.

పని చోటు చిరునామా, యజమాని నంబరు ఇంట్లో ఇవ్వండి. అక్కడ ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, తాకినా, అనవసరంగా రాత్రి పొద్దుపోయేదాకా ఆపినా, ఆ రోజే మానేయండి. "పంపిన అంకుల్ ఏమనుకుంటారో" అని ఓర్చుకోవద్దు. ఆయనకూ ఆ సంగతి చెప్పండి, ఇంకో పిల్లను అక్కడికి పంపకుండా ఉంటారు. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112.

తొమ్మిదో అడుగు: చేరాక, మానేశాక

పని దొరికిన రోజు సాయంత్రమే మీ కోసం మాట చెప్పిన మనిషికి ఫోన్ చేయండి. వేరేచోట దొరికినా సరే చెప్పాలి. లేకపోతే ఆయన పాపం ఇంకా నలుగురిని అడుగుతూనే ఉంటారు. రెండు వారాల తర్వాత ఒకసారి, "బిల్లింగ్ కౌంటర్ ఇచ్చారండీ, బాగుంది" అని ఇంకో కబురు. మిఠాయి పెట్టెలు అక్కర్లేదు.

మధ్యలో మానేయాల్సి వస్తే, కనీసం నాలుగైదు రోజుల ముందు యజమానికి చెప్పి, అదే రోజు పంపిన మనిషికీ చెప్పండి. ఆయనకు ఆ సంగతి షాపాయన నోట తెలియకూడదు.

పని ముగిసే రోజున యజమానిని మూడు అడగండి. వచ్చే ఏడాది మళ్లీ అడగొచ్చా అని ఒకటి. మీ పేరు ఎక్కడైనా చెప్పుకోవచ్చా అని రెండోది. షాపు లెటర్‌హెడ్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారని రెండు వాక్యాలు రాసి సంతకం చేసిస్తారా అని మూడోది. చాలామంది కాదనరు. దసరాకో కొత్త సంవత్సరానికో ఒక శుభాకాంక్ష పంపుతూ ఉంటే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో బతికి ఉంటుంది.

తర్వాత ఏడాది ఆ యజమానే మీకు ఫోన్ చేసి, "నీలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అప్పుడు పూచీ పడేది మీరు. దగ్గరి స్నేహితుడనో, మనవాడనో పేరు చెప్పేయకండి. క్లాసులో టైముకు వచ్చేదెవరు, తీసుకున్న నోట్సు తిరిగి ఇచ్చేదెవరు, చెప్పిన మాట మీద నిలబడేదెవరు అని చూడండి. ఆ మనిషికి మీ వీధితో, మీ చుట్టాలతో ఏ సంబంధమూ లేకపోయినా వాళ్ల పేరే చెప్పండి. ఇంట్లో ఎవరికీ షాపులు లేని జూనియర్ ఒకరు మీ హాస్టల్లోనే ఉండి ఉంటారు. ఫోన్ పెట్టేయక ముందే ఆ జూనియర్ తేదీలు కనుక్కుని, యజమానికి ఆ రాత్రే మెసేజ్ పంపండి.